నీళ్ళలోకి దిగినవాడు

రంగులద్దేవాళ్ళ వీధి నుంచి,
వానలకు ముందు.

ఒరేయ్ తమ్ముడూ,

బాగున్నావా అని అడగను. బాగుంటే ఒక ముక్క రాసేవాడివి. బాగా లేకపోతే ఉప్పు పడవవాడు చెప్పేవాడు. నీ మీద నాకు పీకలదాకా కోపం ఉందన్న సంగతి ముందే చెప్పేస్తే మిగతా ఉత్తరం నెమ్మదిగా రాసుకోవచ్చు. అందుకని చెప్పేశాను.

నీ కూతురు నడుస్తోంది. గోడ పట్టుకుని, రంగు తొట్టెల అంచులు పట్టుకుని ఇల్లంతా చుట్టబెడుతోంది. మొన్న నేను గుడ్డలు పిండుతూ అటు తిరిగానో లేదో, నీలిమందు తొట్టెలో మోచేతి దాకా చెయ్యి ముంచేసింది. ఎంత తోమినా వదల్లేదు. ఇప్పుడు దానికి ఒక చెయ్యి మనిషిది, ఒక చెయ్యి నాది. వీధిలో అందరూ "మేనత్త పోలికే" అని ఒకటే నవ్వు. పేరు నువ్వే పెడతావని చూసి చూసి, ఈనాటికీ చిట్టి అనే పిలుస్తున్నాం.

మరదల్ని పూడ్చిన మట్టి ఆరకముందే నువ్వు నది దాటి, అవతల ఎవరో గురువుగారి దగ్గరికి వెళ్ళిపోయావు. పసిగుడ్డుని నా చేతుల్లో పెట్టి, దాని మొహం కూడా చూడకుండా వెళ్ళావు. అప్పుడు నేనేమీ అనలేదు. దుఃఖంలో ఉన్నాడు, నాలుగు రోజులు పోతే వాడే వస్తాడు అనుకున్నాను. రాలేదు.

ఇప్పుడు అసలు విషయం. సందు చివర కుమ్మరి, అతని భార్య నీకు గుర్తున్నారుగా. వాళ్ళకి పిల్లలు లేరు. చిట్టి పగలంతా ఆ ఇంట్లోనే, ఆ బంకమట్టిలోనే. వానలు వెలిశాక వాళ్ళు ఎగువ ఊరికి మకాం మారుస్తున్నారు, అక్కడ మట్టి మంచిదట. చిట్టిని తమ బిడ్డగా పెంచుకుంటామని అడిగారు. అడిగేటప్పుడు ఆవిడ నా మొహం చూడలేదు, నేల చూస్తూ అడిగింది. మీ బావ పోయాక ఈ తొట్టెలన్నీ నా ఒక్కదాని మీదే పడ్డాయి, మోకాళ్ళు పట్టేస్తున్నాయి. కాదని ఒక్కమాటలో అనలేకపోయాను. "కన్నతండ్రి సరేనంటేనే" అన్నాడు మన సంఘపెద్ద. కాబట్టి ఆ మాట నువ్వు చెప్పాలి. అవునో కాదో, వానలు వెలిసేలోగా.

ఇంకొకటి. మీ గురువుగారు ప్రభువుకి అసలు ఒళ్ళే లేదంటాడట కదా! ఉప్పు పడవవాడు చెప్పాడు. వాడు ఉప్పుకి కూడా ఉప్పు కలుపుతాడు కాబట్టి నమ్మలేదు. నిజమేనా?

నీ అక్క


గురువుగారి ఇంటి రాతగది నుంచి,
తొలి వానలు.

సోదరికి శాంతి.

నీ ఉత్తరం అందింది. పడవవాడు చెప్పింది సరిగ్గా చెప్పకపోయినా, అబద్ధం మాత్రం కాదు.

ప్రభువు అంటే తండ్రి అయిన దేవుడి దగ్గర నుంచి వచ్చిన వెలుగు. వెలుగుకి ఎముకలుండవు, నెత్తురుండదు. మనుషులు చూడగలిగేందుకు మనిషి రూపంలో కనిపించాడు, అంతే. ఆయన తల్లి ద్వారా వచ్చాడు గానీ తల్లి నుంచి ఏమీ తీసుకోలేదు, గొట్టంలోంచి నీళ్ళు సాగిపోయినట్టు. ఇసుకలో నడిస్తే ఆయన అడుగులు పడలేదు. సిలువ మీద నొప్పి చూసినవాళ్ళకే గానీ ఆయనకి లేదు. నొప్పి మనలాంటి మట్టిది. దేవుడికి దాన్ని అంటగట్టడం దేవుణ్ణి అవమానించడమే.

నాకిక్కడ నాన్న నేర్పిన పనే దొరికింది. ప్రభువు జీవితం రాసిన గ్రంథానికి ప్రతులు తీస్తున్నాను. ఆయన పుట్టుక, ఆకలి, దాహం, కన్నీళ్ళు ఉన్న చోట్లన్నీ గురువుగారు తీసేయించారు. అవి శరీరాన్ని వదల్లేనివాళ్ళు తర్వాత ఎప్పుడో చేర్చినవని ఆయన అంటారు. అవి లేకుండా చదివితే గ్రంథం ఎంత నిర్మలంగా ఉంటుందో చెప్పలేను.

ఆ బిడ్డ గురించి. ఇక్కడ మాలో ఎవరికీ బంధువులు లేరు. కుమ్మరివాళ్ళకి ఇచ్చేయడానికి నాకు అభ్యంతరం లేదు. ఇదే నా మాటగా సంఘపెద్దకి చెప్పవచ్చు. ఇకమీదట ఆ బిడ్డ చేతులూ కాళ్ళూ ఎలా ఉన్నాయో నాకు రాయవద్దు.

నీ సోదరుడు


రంగులద్దేవాళ్ళ వీధి నుంచి,
ఎడతెరిపి లేని వాన.

ఏమన్నావు? సోదరి అనా? ఎవర్రా నీకు సోదరి? నేను అక్కని. నీ ముక్కు తుడిచిన అక్కని. నీ ఉత్తరం విప్పి, ఇది ఇంకెవరికో రావలసింది పొరపాటున నాకొచ్చిందేమో అనుకుని మళ్ళీ మడిచేశాను. తర్వాత చూస్తే అక్షరాలు నీవే, నాన్న అక్షరాల్లా గుండ్రంగా ఉన్నాయి.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఉత్తరం పట్టుకుని తిన్నగా సంఘపెద్ద దగ్గరికి వెళ్ళాను. "ప్రభువు దేవుడా, మనిషా, తేల్చి చెప్పండి" అన్నాను. "రెండూనమ్మా" అన్నాడు. "సగం సగమా?" అన్నాను. "కాదు. పూర్తిగా దేవుడు, పూర్తిగా మనిషి" అన్నాడు. "అదెలా కుదురుతుంది?" అన్నాను. దగ్గడం మొదలుపెట్టాడు. మంచినీళ్ళు తాగాడు. మళ్ళీ దగ్గాడు. చివరికి, "ఎలాగో నాకూ తెలీదమ్మా. కాదనడానికి మాత్రం నోరు రావడం లేదు" అన్నాడు. ఆ మాటకి నాకు ఆయన మీద గౌరవం పెరిగింది.

దారిలో కుమ్మరిని కూడా అడిగాను. అతనిది ఇంకో మాట. ప్రభువు మనందరిలాంటి మనిషేనట. అంత మంచివాడు కాబట్టి, నదిలో స్నానం చేసి పైకొచ్చినప్పుడు దేవుడు ఆయన్ని కొడుకుగా చేసుకున్నాడట. "పెంచుకున్న కొడుకు కొడుకు కాడా అక్కా?" అన్నాడు, చక్రం మీంచి తల ఎత్తకుండా. ఆ మాట అతను దేని గురించి అన్నాడో నాకు తెలుసు.

నేను కూడా ఆలోచించాను. గుడ్డకి రంగు పట్టినట్టు మనిషితనానికి దేవుడు పట్టాడేమో అనుకున్నాను. కానీ రంగు ఎండకి వెలుస్తుంది, వేరే రంగులో ముంచితే మారిపోతుంది. పనికిరాలేదు. నా పనిలోంచి తీసిన పోలిక నాకే పనికిరాకపోతే ఇంకెవరికి పనికొస్తుంది?

ఒక్కటే గుర్తొచ్చింది. నీకు గుర్తుందా, చిన్నప్పుడు నువ్వు నదిలో పడిపోయావు? నాన్నకి ఈత రాదు. అయినా దిగాడు. ఒక చేత్తో గట్టు మీద చెట్టు వేరు పట్టుకుని, పీకలదాకా నీళ్ళలోకి దిగి, రెండో చేత్తో నీ జుట్టు దొరకబుచ్చుకున్నాడు. నేను గట్టు మీద నిలబడి ఏడుస్తున్నాను. వేరు వదిలేస్తే ఇద్దరూ పోయేవాళ్ళు. నీళ్ళలోకి దిగకపోతే నువ్వు పోయేవాడివి. నాకు తెలిసిన దేవుడు అంతే. ఇంతకంటే నన్ను అడగకు.

ఇక నీ అభ్యంతరం లేని మాట. దాన్ని నేనింకా ఎవరికీ చెప్పలేదు. చెప్పను. నువ్వు సోదరుడిగా రాసిన మాట నాకక్కర్లేదు, తండ్రిగా రాయి. ఇస్తానంటే తండ్రిగా ఇవ్వు. ఒక బిడ్డని వదిలించుకోవడానికి దేవుడి ఒంటిని కూడా వదిలించేశావే, ఎంత గుండె ధైర్యంరా నీకు!

అక్క


రాతగది నుంచి,
వాన మధ్యలో ఆగిన మధ్యాహ్నం.

అక్కకి,

నీ ఉత్తరం చివరిదాకా చదివాను. గుండె ధైర్యం అన్నావు. నా దగ్గర లేనిది అదొక్కటే.

నాన్న నదిలోకి దిగింది గుర్తుంది. ఆయన పట్టు నా జుట్టు కుదుళ్ళలో ఇంకా ఉంది. కానీ నువ్వొకటి మరిచిపోయావు. ఆ రోజు నాన్న కళ్ళు నేను చూశాను. నాకంటే ఎక్కువ భయపడుతున్నాడు. భయపడే తండ్రి నాకొద్దక్కా. మునిగిపోయేవాడికి గట్టు కావాలి. ఎప్పటికీ తడవని, కదలని గట్టు.

నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి రాస్తాను. బిడ్డ పుట్టిన రోజు నువ్వు నీళ్ళు కాచడానికి వంటింట్లోకి వెళ్ళినప్పుడు నీ మరదలు నన్ను గదిలోకి పిలిచింది. మగవాళ్ళు రాకూడదని అక్కడి ఆడవాళ్ళు కేకలేసినా వెళ్ళాను. నా చెయ్యి పట్టుకుంది. అంత సన్నటి మనిషికి అంత బలం ఎక్కడిదో. చాప తడిసింది, నేల తడిసింది, నా కాళ్ళు తడిశాయి. ఒక మనిషిలో అంత నెత్తురుంటుందని నాకు తెలియదు. నేను ప్రభువుని పిలుస్తూనే ఉన్నాను. పట్టు సడలిపోయింది. ఆ వెంటనే పక్కన బిడ్డ ఏడుపు.

ఆ తర్వాత మన సంఘంలో రొట్టె విరిచి, ఇది ఆయన శరీరం, ఇది ఆయన రక్తం అంటే లేచి బయటికి వచ్చేశాను. దేవుడికి కూడా నెత్తురుంటే, ఆయన కూడా అలా తడిసిపోతే, ఇక ఎవరు మిగిలినట్టు? గురువుగారు ఒక్కరే నాకు జవాబు చెప్పారు. "నెత్తురు నిజం కాదు నాయనా, వెలుగే నిజం" అన్నారు. ఆయన చెడ్డవారు కారు. వచ్చిన కొత్తలో నేను ముద్ద ముట్టకపోతే, ఎదురుగా కూర్చుని తను కూడా తినకుండా ఉండిపోయారు.

నన్ను ఇలాగే ఉండనీ. బిడ్డని ఇచ్చేయి. ఇది సోదరుడి మాట కాదు, తండ్రి మాటే. దాన్ని ఎత్తుకుంటే నాకు మళ్ళీ ఆ గది వస్తుంది. కుమ్మరి ఇంట్లో దానికి ఆ గది ఉండదు.

తమ్ముడు


రంగులద్దేవాళ్ళ వీధి నుంచి,
వానలు తగ్గుముఖం.

తమ్ముడూ,

నువ్వు గదిలోకి వెళ్ళావని నాకు తెలియదు. నువ్వు వీధిలో నిలబడ్డావనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. నీది పొగరనుకుని నోటికొచ్చినట్టు రాశాను. తప్పు నాది. ఇకమీదట నిన్ను దేవుడి గురించి అడగను. మీ గురువుగారిని కూడా ఏమీ అనను. ఆకలి అబద్ధమని చెప్పే మనిషి నీ పక్కన పస్తున్నాడు చూడు, అది నాకు నచ్చింది.

నీకు రాయకుండా దాచిన సంగతి ఒకటి నా దగ్గరా ఉంది. నీ రెండో ఉత్తరం వచ్చే వేళకి చిట్టికి జ్వరం. ఒళ్ళు పెనంలా కాలిపోయింది. కళ్ళు తెరిచేది కాదు. నువ్వు చేతులూ కాళ్ళూ రాయొద్దన్నావు కదా, అందుకని నేనూ మొండికేశాను. కుమ్మరి భార్య, నేను వంతులవారీగా తడిగుడ్డలు వేస్తూ కూర్చున్నాం. ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకుంటే, ఎవరికి చెయ్యాలో తెలియలేదురా. మీరంతా కలిసి నాకు ఇన్ని మాటలు చెప్పారు మరి. జ్వరమంటే ఏమిటో ఎరగనివాణ్ణి అడగబుద్ధి కాలేదు. వట్టి మనిషిని అడిగి లాభం లేదనిపించింది. జ్వరం తెలిసినవాడూ, జ్వరాన్ని పొమ్మనగలిగినవాడూ ఒక్కడే అయి ఉండాలని, ఆ ఒక్కణ్ణే పిలిచాను. మా కుమ్మరావిడ ఎవర్ని పిలిచిందో నేను అడగలేదు. జ్వరం దిగింది. ఇప్పుడు మళ్ళీ ఇల్లు పీకి పందిరేస్తోంది.

నీ మాట సంఘపెద్దకి చెప్పాను. తండ్రి మాటగానే చెప్పాను. కుమ్మరికి చెబితే చక్రం ఆపి, మట్టి చేతులతోనే మొహం కప్పుకున్నాడు. దారులు ఆరగానే బండి కడతారు. చిట్టి బట్టలు నేనే రంగు వేసి ఇస్తున్నాను. నీలం కాదు, పసుపు. చేతి నీలం మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు. రాయొద్దన్నావు గానీ, ఇదే చివరిసారి.

అక్క


రాతగది నుంచి.
పడవవాడు రేవులో తొందరపెడుతున్నాడు.

అక్కా, అక్కా,

బండి కదిలిందా? కదలకపోతే ఆపు. కాళ్ళు పట్టుకునైనా ఆపు. నేను వస్తున్నాను.

ఏం జరిగిందో గబగబా రాస్తాను. ఉదయం ప్రతి తీస్తున్నాను. ప్రభువు తన స్నేహితుడు చనిపోయాడని సమాధి దగ్గరికి వచ్చిన చోటు. గురువుగారి గ్రంథంలో ఆయన రాగానే రాయి తీయమంటాడు, అంతే. నేను చూసి రాస్తున్నాననే అనుకున్నాను. కానీ నా బుర్రలో నీ ఉత్తరమే ఉంది. బిడ్డ చేతి నీలం ఎంతవరకు పోయిందో, మణికట్టు దగ్గర ఉందా, వేళ్ళకే మిగిలిందా అని ఆలోచిస్తున్నాను. ఎదుట ఉన్న గ్రంథాన్ని వదిలేసి, చెయ్యి దానంతటది నాన్న దగ్గర నేర్చుకున్నట్టే రాసుకుపోయింది. ఆ చోటు నాన్న నాచేత ఎన్నిసార్లు రాయించాడో నీకు తెలుసు. గురువుగారు వచ్చి చూసేదాకా నాకు తెలియలేదు. ప్రభువు ఏడ్చాడని రాసేశాను.

గురువుగారు కోప్పడలేదు. "గీకేయి నాయనా, పర్లేదు" అన్నారు. కత్తితో గీకాను. తోలు పత్రం పల్చబడింది గానీ సిరా మరక పోలేదు. ఇంకా గీకాను. చిల్లు పడింది. ఆ చిల్లులోంచి నా వేలు బయటికి వచ్చింది, సిరా అంటిన వేలు. అది చూసి నాకేమైందో తెలియదు. ఆమె పోయిన రోజు నుంచి రాని ఏడుపు వచ్చేసింది. పత్రమంతా తడిసి పాడైపోయింది.

గురువుగారు నా భుజం మీద చెయ్యి వేసి, "ఎందుకు ఏడుస్తావు? ఆమె వెలుగులో ఉంది కదా" అన్నారు.

నేనన్నాను, "ప్రభువుకీ తెలుసు కదండీ. కాసేపట్లో ఆ స్నేహితుణ్ణి తనే లేపబోతున్నాడని తెలుసు. లేపగలడు కూడా. అయినా ముందు ఏడ్చాడు."

ఆయన నా భుజం మీద చెయ్యి తీయలేదు. నేను వెళ్తానంటే, దారిలో తినమని రొట్టె కట్టి ఇచ్చారు.

నాన్న కళ్ళలో భయం చూశానని రాశాను కదా. భయపడుతూ కూడా వేరు వదల్లేదు, నన్నూ వదల్లేదు. అది రాయడం మరిచిపోయాను. ఆ గదిలో నేను పిలిచినప్పుడు ప్రభువు రాలేదనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆ తడిసిన నేల మీద నా పక్కనే ఉన్నాడేమో అక్కా. ఏమో, నాకు తెలియదు. సంఘపెద్దలా నేనూ దగ్గాలి.

ఉప్పు బస్తాల మధ్య మనిషికి చోటు లేదంటున్నాడు, నేను ఒడ్డు వెంట నడిచి వచ్చి మన రేవు దగ్గర నది దాటుతాను. ఉత్తరం నాకంటే ముందు వస్తుంది. నా మాట వెనక్కి తీసుకుంటున్నానని కుమ్మరికి చెప్పు. ఎలా చెబుతావో నాకు తెలియదు. చెప్పు.

నీ తమ్ముడు


రంగులద్దేవాళ్ళ వీధి నుంచి.
మన ఒడ్డు రేవులో నీకిమ్మని పడవవాడికి ఇచ్చాను.

నా తండ్రీ, నా తమ్ముడూ,

నువ్వు రేవు దాటేసరికి ఇది నీ చేతిలో ఉంటుంది. ఇంటికి రాకముందే చదువు. అక్కడే మెట్ల మీద కూర్చుని చదువు.

నీ ఉత్తరం వచ్చేసరికి బండి కట్టేశారు. కుండలన్నీ గడ్డిలో సర్ది, పైన చక్రం పెట్టి, ఆ పక్కన బస్తా మీద చిట్టిని కూర్చోబెట్టారు. పసుపు బట్టలు వేసుకుని రాణిలా కూర్చుంది. నేను ఉత్తరం వీధిలోనే విప్పాను. మనసులో చదువుకోవలసింది, పైకి చదివేశాను. చెప్పడానికి నాకు వేరే మాటలు లేవు, నీ మాటలే చదివాను. కుమ్మరి అంతా విన్నాడు. ఎద్దు మెడ మీది కాడి దించేశాడు. నేనే అతని ముందు నిలబడి, "పెంచుకున్న కొడుకు కూడా కొడుకే, నువ్వన్నది నిజమే" అన్నాను. "నిజమే అక్కా. కానీ కన్నవాడు నడిచి వస్తున్నాడు కదా" అన్నాడు. ఆ తర్వాత గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

అతని భార్య మాత్రం చిట్టిని బండి దించి నాకివ్వలేదురా. చంకనెత్తుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. నేను తలుపు కొట్టలేదు. ఎండ దిగాక తనే తీసింది. మొహం కడుక్కుంది. "అక్కా, మీ తమ్ముడు వచ్చేదాకా మా బండి కదలదు. బిడ్డని మీకివ్వను. ఆయన చేతిలోనే పెడతాను. జ్వరంలో దాని ఒళ్ళు పట్టుకున్న చేతులివి, ఎవరికిస్తున్నానో నేను చూడాలి" అంది.

కాబట్టి నువ్వు ముందు నా ఇంటికి రాకు. తిన్నగా సందు చివరికి వెళ్ళు. ఆవిడ ఎదుట నిలబడు. తల తిప్పుకోకు. ఆవిడ ఏడుస్తుంది, నువ్వు చూడాలి. చిట్టి నిన్నెరగదు, గుక్కపట్టి ఏడ్చి ఆవిడ మెడ పట్టుకుని వేలాడుతుంది. ఆ పట్టు విడిపించాల్సింది నువ్వే. ఒక ఇంట్లోంచి బిడ్డని తీసుకుపోతున్నావని మరిచిపోకు. నీకు ఆ గది గుర్తొస్తుంది, నాకు తెలుసు. రానీ. నేను సందు మొదట్లోనే నిలబడి ఉంటాను.

ఇంకొక్క మాట. ఇన్నాళ్ళూ ఆవిడ మన చిట్టిని మనకి తెలియకుండా ఒక పేరు పెట్టి పిలుచుకుంటోందట. ఎగువ ఊరు వెళ్ళాక అదే పెడదామని అనుకుందట. "ఆయన్ని అడగండక్కా, ఆ పేరు ఉండనిస్తారేమో" అంది. జ్వరం దిగిన పొద్దున దాన్ని నిద్ర లేపింది కూడా ఆ పేరుతోనేనట.

ఆ పేరు నేను విన్నాను. ఇక్కడ రాయను. ఆవిడ నోటితోనే విను, తర్వాత అదే పేరుతో నీ కూతుర్ని పిలువు.

అక్క